ఏటికి ఏటి కడుతున్నారు?

ఒడిశా సరిహద్దు పట్టణమైన పర్లాకిమిడిలో కూరగాయల బేరం ఒడియాలో మొదలై తెలుగులో ముగియడం రోజూ జరిగేదే కాబట్టి, రెండు భాషలు వచ్చిన మనిషిని ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. అయితే రెండు భాషల్లోనూ అర్జీ రాయగలిగిన వాడికి మాత్రం కొంత గిరాకీ ఉంటుంది. చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి విరమించిన నాకు ఇప్పుడున్న పని అదే. పొలం ఒడిశాలోనూ ఇల్లు ఆంధ్రలోనూ ఉన్నవాళ్లు, ఇల్లు ఇక్కడా పట్టా అక్కడా ఉన్నవాళ్లు, ఒక భాషలో ఉన్న కాగితాన్ని మరొక భాషలోకి మార్చిపెట్టమని వస్తుంటారు. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పు వల్ల నీటికి అడ్డం వేసే కట్టడాల పేర్ల మీద నాకు పట్టుకున్న ధ్యాస గురించి ఇక్కడ రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గజపతి జిల్లా కొండల మీద కురిసిన వాన అంతా మహేంద్రతనయలోకీ వంశధారలోకీ ఒక్క పెట్టున దిగింది. ఊరి పేరు చెప్పను గానీ, మా పట్టణానికి దగ్గరలోని ఒక పల్లెలో ఏటి వెంబడి ఉన్న మట్టికట్టకు గండి పడి, కోతకు రావలసిన వరిచేల మీద ఇసుక మేట వేసింది. ఆ పల్లెవాళ్లు ఒడియాలో ఒక అర్జీ రాసుకున్నారు. అందులో ముఖ్యమైన మాట ‘నదీబంధొ’. ఆ చుట్టుపక్కల పొలాలున్న కొందరు హద్దుకు అవతల ఆంధ్రలోని పాతపట్నం వైపు ఊళ్లలో కాపురం ఉంటారు. వాళ్లకు ఒడియా లిపి రాదు. అయినా సంతకం చేసేముందు చదువుకోవాలి గదా అని తెలుగు ప్రతి అడిగారు. నేను ఆ సాయంత్రమే కూర్చుని రాసిచ్చాను. ‘నదీబంధొ’ ఉన్న ప్రతిచోటా ‘ఏటి ఆనకట్ట’ అని రాశాను. ‘తెగిపోయిన ఆనకట్టను మునుపటి కంటె ఎత్తుగా, బలంగా కట్టించవలెను’ అన్నది ఆ ప్రతిలో నాకు బాగా నచ్చిన వాక్యం.

మూడో రోజున పాతపట్నం అవతలి నుంచి మా బావ ఫోను చేశాడు. పలకరింపు కూడా లేదు. ‘ఏటి బావా, మీవోళ్లు ఏటికి ఆనకట్ట కట్టెత్తన్నారంట! మరి మా మడులకి నీళ్లేటి?’ అన్నాడు. (మా ప్రాంతంలో ‘ఏమిటి’ అనే ప్రశ్నా ఏటే, ఏరు అనే మాటకు విభక్తి చేర్చేటప్పుడు వచ్చే రూపమూ ఏటే. ‘ఏటికి ఏటి కడతన్నారు’ అన్న వాక్యం కృష్ణా, గుంటూరుల నుంచి వచ్చినవాళ్లకు అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది.) నేను రాసిచ్చిన కాగితాన్ని ఎవరో ఫొటో తీశారు, అది చేతిఫోన్ల మీదుగా దిగువ ఊళ్లకు చేరింది, ఒడిశా వాళ్లు ఎగువన ఏటికి అడ్డంగా ఏదో కట్టి నీళ్లు ఆపేసుకుంటున్నారన్న మాట పుట్టింది. నలుగురు పెద్దలు కలిసి ఒక ఎదురు అర్జీ కూడా సిద్ధం చేసుకుంటున్నారని బావ చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి.

నా తప్పు ఎక్కడుందో ఆ రాత్రే తెలిసింది. గండి పడినది ఏటి వెంబడి సాగే కట్ట. ఆనకట్ట అన్నది ఏటికి అడ్డంగా పడుకునే కట్ట. వెంబడి ఉన్నది నీటిని ఏటిలోనే ఉండమంటుంది, అడ్డంగా ఉన్నది నీటిని ఏటిలోంచి వేరే చోటికి రమ్మంటుంది. మొదటిది తెగితే ఆ ఊరు మునుగుతుంది. రెండోది లేస్తే దిగువ ఊరు ఎండుతుందేమోనని భయం. ఒకే మట్టి, ఒకే రాయి, ఒకే కూలీల చేతులు. కానీ ఏటితో అది చేసే కోణం మారగానే దాని పని తలకిందులవుతుంది, దాని శత్రువులూ మిత్రులూ మారిపోతారు. నిఘంటువు తెరిస్తే కట్ట, ఆనకట్ట, సేతువు, గట్టు ఒకదానికొకటి అర్థంగా ఇచ్చిపుచ్చుకుంటూ కనిపిస్తాయి. పరీక్షలో పర్యాయపదాలు రాయమన్నప్పుడు నేనే పిల్లలకు వాటికి మార్కులు వేశాను. ఇప్పుడైతే వేయను.

ఒప్పుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. నాకు సరైన మాట తెలియక కాదు. ఆ పల్లెలో తెలుగువాళ్లు దాన్ని ‘ఏటి గట్టు’ అనే అంటారు, నేనూ అలాగే అంటాను. అర్జీలో గట్టు అని రాస్తే మోటుగా ఉంటుందేమో, ఆనకట్ట అయితే కాగితానికి నిండుగా ఉంటుంది అనుకున్నాను. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపంతులుగా ఏళ్ల తరబడి పనిచేసిన ఊళ్లో, జనం నోటి మాటకు గౌరవం ఇవ్వాలని ఆయన పోరాడిన ఊళ్లో ఉంటూ నేను చేసిన నిర్వాకం ఇది. 1936లో ఈ పట్టణం కొత్తగా ఏర్పడిన ఒడిశాలోకి వెళ్లినప్పుడు ఆయన రాజమహేంద్రవరానికి తరలిపోయారు. ఆయన మాటైనా ఇక్కడ మిగిలి ఉండవలసింది.

కట్ట అన్న మాటతో మొదలుపెడతాను. కట్టు అన్న క్రియ నుంచి వచ్చింది. కట్టిందల్లా కట్టే: పుస్తకాల కట్ట, నోట్ల కట్ట, గడ్డి కట్ట. మట్టిని పోసి, తడిపి, దిమ్మిస కొట్టి కలిసి ఉండేటట్టు చేస్తే అదీ కట్టే. అందుచేత ఈ మాట దిక్కు చెప్పదు, పని చెప్పదు. ఇది పోగుపడి నిలిచింది అని మాత్రమే చెబుతుంది. చెరువు కట్టకు నీళ్లుంటాయి, రైలు కట్టకు నీళ్లుండవు, రావిచెట్టు చుట్టూ వేసిన కట్ట మీద ముసలివాళ్లుంటారు. అయితే వరద వచ్చినప్పుడు రైలు కట్ట కూడా నీటికి అడ్డే అవుతుంది. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే మా రైలు దారి కింద నీరు పోయే ఖానాలు పూడిపోయిన చోట ఆ సంగతి పక్క పొలాల రైతులకు బాగా తెలుసు. కట్టకు ముందు ఏదో ఒక మాట చేరిస్తే గానీ అది నీటితో ఏం చేస్తుందో తెలియదు. కృష్ణా తీరంలో దాన్ని కరకట్ట అంటారు, గోదావరి వాళ్లు ఏటిగట్టు అంటారు, నెల్లూరు వైపు పెన్న పక్కన పొర్లుకట్ట అంటారు. మూడూ ఏటి వెంబడి ఉండేవే. నాకు పొర్లుకట్ట అన్న మాట మీద ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే అందులో కట్ట కంటె ముందుగా పొర్లే నీరు కనబడుతుంది.

ఒడియావారి బంధొ కూడా ఇదే దారిలో పుట్టింది. సంస్కృతంలో బంధించడం, మన కట్టడం, రెండూ ఒకటే పని. పారసీకంలో బంద్ అన్నా అదే; ఇంగ్లీషువాళ్లు దాన్ని పట్టుకుని బండ్ అన్నారు; హైదరాబాదులో హుస్సేన్ సాగర్ కట్ట ట్యాంక్ బండ్ అయి కూర్చుంది. ఇన్ని భాషల వాళ్లకు నీటిని ఆపడం అనగానే తాడుతో ముడి వేయడమే గుర్తుకు రావడం నాకు ముచ్చటగా ఉంటుంది. చిక్కు ఏమిటంటే గంజాం, గజపతి జిల్లాల్లో బంధొ అంటే కట్ట మాత్రమే కాదు, ఊరి చెరువు కూడా. మా పొరుగింటి ఒడియా అమ్మ బంధొకు స్నానానికి వెళ్తున్నానంటే గట్టెక్కి కూర్చుంటుందని కాదు, చెరువులో మునుగుతుందని. అదే అమ్మ హీరాకుద్ బంధొ అన్నప్పుడు మహానది మీది పెద్ద డ్యాము. అర్జీలోని బంధొ ఏటి గట్టు. ఒకే మాటకు మూడు తెలుగు మాటలు, మూడు వేర్వేరు పనులు. ఇది ఒడియాకు మాత్రమే ఉన్న వింత కాదు. కన్నడంలో కట్టె అంటే కట్టా అవుతుంది, చిన్న చెరువూ అవుతుంది. ఇంగ్లీషులో కట్టను చెప్పే డైక్, గోతిని చెప్పే డిచ్ పుట్టుకలో ఒకే మాట. ఆలోచిస్తే సబబే: ఒకచోట మట్టి తవ్వితే గొయ్యి, ఆ మట్టిని పక్కన పోస్తే గట్టు, రెండూ ఒకే పారదెబ్బకు పుట్టిన కవలలు.

డైక్ అన్న మాట వచ్చింది కాబట్టి హీరాకుద్ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. 1957 జనవరిలో నెహ్రూ ప్రారంభించిన ఆ కట్టడం మొత్తం పొడవు 25.8 కిలోమీటర్లని గొప్పగా చెబుతారు. అందులో నదికి అడ్డంగా ఉన్న అసలు డ్యాము 4.8 కిలోమీటర్లే. మిగిలినదంతా డైకులు, అంటే నీరు పైకి లేచినప్పుడు కొండల నడుమ పల్లంగా ఉన్న చోట్ల నుంచి పక్కకు జారిపోకుండా వేసిన మట్టికట్టలు. నదిని ఆపింది చిన్న భాగం, నీరు తప్పించుకోకుండా కాపలా కాసేది పెద్ద భాగం. ఇంజనీర్లు ఈ రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టుకున్నారు, మన పుస్తకాలు మాత్రం మొత్తాన్ని ఆనకట్ట అని చుట్టేస్తాయి.

ఆనకట్ట కథ కొంచెం పెద్దది. తమిళంలో అణై అంటే నీటికి వేసిన అడ్డు, అణైక్కట్టు అంటే ఆ కట్టడం. కావేరి మీద కరికాల చోళుడి పేరుతో చెప్పుకునే కల్లణై, అంటే రాతి అణై. ఆర్థర్ కాటన్ ఆ కల్లణైని చూసి నేర్చుకున్నాడు, 1836లో కావేరి పాయ అయిన కొళ్లిడం మీద ఆనకట్ట కట్టించాడు, ఆ తరువాత 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర గోదావరికి కట్టించాడు. దక్షిణాది మాట ఇంగ్లీషులోకి అనికట్ అయి వెళ్లింది. ఇక్కడ గమనించవలసినది ఆ కట్టడం స్వభావం. కాటన్ కట్టించిన ఆనకట్ట నదిని ఆపలేదు, ఆపాలని అనుకోలేదు కూడా. అది నీటిమట్టాన్ని కాలవల్లోకి ఎక్కేటంత ఎత్తుకు లేపింది. వరద వస్తే నీరు దాని తల మీదుగానే పొర్లిపోయేది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలకు నాలుగు ముక్కలుగా పడుకుని ఉన్న ఆ రాతి గట్టుకు ఎదిరించడం కంటె వంగడం బాగా తెలుసు.

బ్యారేజీ దీనికి భిన్నం. అక్కడ నీటిని లేపేది గట్టు కాదు, గేట్లు. వరద వస్తే గేట్లు ఎత్తేస్తారు, నది దాదాపు ఏమీ లేనట్టే వెళ్లిపోతుంది. వరద తగ్గాక దింపుతారు. బెజవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి పూర్తయిన ఆనకట్టకు 1952లో గండి పడితే, దాని స్థానంలో 1957కు ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరంలోనూ పాత ఆనకట్ట బదులుగా 1982లో బ్యారేజీ వచ్చింది, దానికి కాటన్ పేరే పెట్టారు; అయినా అటువైపు పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఆనకట్టే వినిపిస్తుంది. మాకు దగ్గరలో హిరమండలం దగ్గర వంశధార మీద ఉన్నదాన్ని మాత్రం పామరులు కూడా గొట్టా బ్యారేజీ అంటారు తప్ప గొట్టా ఆనకట్ట అనడం నేను వినలేదు. ఇక డ్యాము ఈ రెండింటి జాతి కాదు. అది నిలవ చేస్తుంది, నెలల తరబడి పట్టి ఉంచుతుంది, ఎగువన ఊళ్లను ముంచుతుంది. మన పాఠ్యపుస్తకాలు నాగార్జునసాగరాన్నీ ఆనకట్ట అని చెప్పి చెప్పి ఆ మాటను పాడుచేశాయని నా ఫిర్యాదు. వంగే గట్టు పేరును నిలదీసే గోడకు పెట్టాక, ఆనకట్ట అనగానే మా బావ గుండె జారిపోయిందంటే తప్పు ఎవరిది?

సరిహద్దులో ఈ తేడాలు పండితుల చర్చగా మిగలవు. వంశధార ఒడిశాలో పుట్టి, గుణుపురం మీదుగా కొంత దూరం రెండు రాష్ట్రాలకూ హద్దుగా నడిచి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నేరడి దగ్గర బ్యారేజీ కట్టాలన్న ఆలోచన ఎన్నో ఏళ్లది. బ్యారేజీ అంటే నదికి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా ఉండాలి, ఆ ఒడ్డు ఒడిశాది, నీరు నిలిస్తే కొంత భూమి మునుగుతుంది, ఒడిశా ఒప్పుకోలేదు. అప్పుడు ఆంధ్రప్రదేశ్ కాట్రగడ్డ దగ్గర తన ఒడ్డున మాత్రమే సైడ్ వియర్ కట్టి, వరదనీటిని కాలువలోకి తిప్పి హిరమండలం జలాశయానికి పంపాలని పూనుకుంది. సైడ్ వియర్ నదికి అడ్డం రాదు. ఒడ్డునే ఒక చోట తక్కువ ఎత్తుకు దించితే, నది ఆ మట్టానికి మించి పెరిగినప్పుడు అదనపు నీరు పక్కకు పొర్లుతుంది. తెలుగులో చెప్పాలంటే పక్క అలుగు అనవచ్చునేమో. అడ్డం లేదు కాబట్టి అభ్యంతరం ఉండకూడదని ఒకరు, అడ్డం లేకపోయినా నది ఆ దారినే పట్టి నడక మార్చుకుంటే మా గతేమిటని ఇంకొకరు. 2010లో ట్రైబ్యునల్ ఏర్పడింది, 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది, నేరడి బ్యారేజీకి అనుమతి ఇస్తూ ఒడిశా వైపున 106 ఎకరాలు సేకరించి అప్పగించే మాట కూడా అందులో ఉంది. ఏళ్ల తరబడి సాగిన ఆ వాదనలో ఒక భాగం ఈ కట్టడాన్ని ఏ పేరుతో పిలవాలి, ఆ పేరు గలది నదికి ఏం చేస్తుంది అన్నదే.

జంఝావతి సంగతి ఇంకా తమాషా. నాగావళికి ఉపనది అయిన ఆ ఏటి మీద, కొమరాడ మండలంలో మామూలు డ్యాము కడితే ఎగువన ఒడిశా భూములు మునుగుతాయి. ముంపు వ్యవహారం తేలలేదు. చివరికి అక్కడ 2006లో రబ్బరు డ్యాము పెట్టారు. కాంక్రీటు పునాది మీద పెద్ద రబ్బరు సంచి ఉంటుంది; గాలి నింపితే ఉబ్బి నీటికి అడ్డు నిలుస్తుంది, గాలి తీస్తే చాపలా పడుకుంటుంది. కట్టడం అని పిలవాలో కట్టకపోవడం అని పిలవాలో తెలియని ఈ వస్తువుకు తెలుగు పేరు పెట్టడానికి నేను చాలాసార్లు ప్రయత్నించి మానుకున్నాను. ‘గాలికట్ట’ అంటే నవ్వుతున్నారు.

ఈ గొడవలు కొత్తవని అనుకునేవాళ్లకు కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చూపించాలి. 1369లో, విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు చెరువు కట్టించిన సందర్భంలో వేయించిన సంస్కృత శాసనం అది. వెయ్యిమంది కూలీలు, నూరు బళ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, చవిటి నేల ఒక దోషం, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండడం ఒక దోషం, నీరు తక్కువై పారవలసిన నేల ఎక్కువ కావడం ఒకటి, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం మరొకటి. ఇవన్నీ మట్టికీ నీటికీ సంబంధించినవి. ఆరోది మాత్రం మనుషులది: చెరువు రెండు రాజ్యాల హద్దులో ఉండడం. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు పెరట్లోకి వెళ్లి వచ్చాను. కట్ట ఎంత గట్టిదైనా సరే హద్దులో ఉందంటే ఊరినట్టే లెక్క అని ఆరున్నర శతాబ్దాల కిందటే రాసిపెట్టారు.

పెద్ద కట్టడాల మాటలు ఇంజనీర్ల చేతిలో ఉన్నాయి కాబట్టి కొంత కుదురుగా ఉన్నాయి. చేలలో మాటలు అలా ఉండవు. వరిమడి చుట్టూ ఉండే చిన్న కట్టను మేము గట్టు అంటాం, తెలంగాణలో ఒడ్డు అంటారు, రాయలసీమలో గెనెం అంటారు, మా ఒడియా రైతులు హిడొ అంటారు. అయితే తెలంగాణలోనూ సీమలోనూ చాలాచోట్ల గట్టు అంటే కొండ. పాలమూరు నుంచి వచ్చిన స్నేహితుడొకడు మా ఊళ్లో ‘గట్టు మీద నడుచుకుంటూ రా’ అంటే దూరంగా కనిపించే కొండల వైపు బెంగగా చూశాడు. హద్దును చెప్పే గెట్టు వేరే ఉంది. గట్టు రెండు వేళ్ల మందం చెక్కితే పక్కవాడి పొలం రెండు వేళ్లు తగ్గుతుంది గనుక, మా ప్రాంతంలో జరిగే తగాదాల్లో సగం గట్టు దగ్గరే మొదలవుతాయి. ఇన్ని తగాదాల నడుమ కూడా కష్టం తీరినవాడు గట్టెక్కాడనే అంటాం, ఒడ్డున పడ్డాడనీ, దరి చేరాడనీ అంటాం. మాట ఏదైనా మన భాష మనిషిని ఎప్పుడూ నీటిలోనే నిలబెట్టి మాట్లాడుతుంది. కూలంకషంగా చర్చించాం అన్నప్పుడు కూడా, కూలం అంటే ఒడ్డు, ఆ ఒడ్డును ఒరుసుకుపోయే ఏరు కూలంకష అని ఎంతమందికి గుర్తుంటుంది?

కట్టకు ఎంత పేరున్నా, దాన్ని బతికించేది నీరు పోయే దారే. కట్ట తెగకుండా అదనపు నీటిని వదిలే చోటును అలుగు అంటారు, కొన్నిచోట్ల కలుజు, తెలంగాణలో మత్తడి, సీమలో మరువ. మత్తడి దుంకుతుంది, మరువ పారుతుంది. క్రియలు కూడా ఊరిని బట్టి మారతాయి. అలుగు అన్న మాట వింటే, నిండిన చెరువు ఇక నావల్ల కాదని అలిగి లేచిపోయినట్టు నాకు అనిపిస్తుంది. వ్యుత్పత్తి అదని చెప్పడం లేదు, ఇష్టం కొద్దీ అంటున్నాను. పొలాలకు కావలసినంత నీటిని వదిలే రంధ్రం తూము, మా ఉత్తరాంధ్ర వైపు మదుం. ధాన్యం కొలతలోనూ తూము ఉంది, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. అలుగు అంటే చెరువు తన ఇష్టానికి వదిలేది, తూము అంటే మనిషి తన అవసరానికి తీసుకునేది.

సేతువు మాట చెప్పకుండా ముగిస్తే పాఠం చెప్పిన అలవాటు ఊరుకోదు. ఇప్పుడు సేతువు అనగానే అందరూ వంతెన అనుకుంటారు. గతజల సేతుబంధనం అన్న నానుడిలో ఉన్నది వంతెన కాదు. నీరు పోయాక వంతెన వేస్తే నష్టమేమీ లేదు, వచ్చే ఏటికి పనికొస్తుంది; నీరు పోయాక కట్ట కడితేనే నవ్వులపాలు. అమరకోశం సేతువుకు జోడుగా ఆలి అన్న మాటను ఇస్తుంది, అదీ గట్టే. (తెలుగులో ఆలి అంటే భార్య అని మా ఇంట్లో గుర్తుచేశారు, నీటికి అడ్డుకట్ట ఎవరో చెప్పనక్కర లేదని కూడా అన్నారు.) రాముడి సేతువు కూడా స్తంభాల మీద నిలిపిన వంతెనగా కాక, రాళ్లూ చెట్లూ పోసి వేసిన కట్టగానే కథలో కనిపిస్తుంది. కట్ట మీద మనిషి నడవగలడు గనుక, ఆ నడక కోసమే కట్ట అన్న భావం వచ్చి, కాలక్రమాన నీటిని ఆపడం మరుగున పడి దాటించడం మిగిలింది. ఆపేది దాటించేదిగా మారిన ఇంత విచిత్రమైన మాట మరొకటి నాకు వెంటనే తోచదు.

అర్జీ సంగతికి వస్తాను. మరుసటి ఆదివారం పొద్దున్నే పాతపట్నం వెళ్లి, బావ ఇంటి అరుగు మీద నలుగురు పెద్దలనూ కూర్చోబెట్టి, నేల మీద సుద్దముక్కతో ఏరు గీసి, దాని వెంబడి ఒక గీతా అడ్డంగా ఒక గీతా గీసి, తెగింది ఇది, నేను రాసింది ఇది అని చూపించాను. ఒక పెద్దాయన చాలాసేపు చూసి, ‘మాస్టారూ, ఆ నిలువు గీతని మేం గట్టంటాం గదా, మీరేటి గట్టని రాయనేదు?’ అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఎదురు అర్జీ మానుకున్నారు. కొత్త ప్రతిలో కరకట్ట అని రాశాను. ఒడియాలో ‘ఘాఇ’ అని ఉన్నచోట గండి అని రాశాను. ఘాఇ అన్న మాట చెవిన పడగానే గాయం గుర్తుకొస్తుంది, గండి కంటె అదే బాగుందని ఒక్క క్షణం అనిపించినా చేయి కదిలించలేదు. సంతకాలకు పంపేముందు ఆ పెద్దాయనకే చదివి వినిపించాను. కరకట్ట దగ్గర ఆపి, అది కృష్ణవోళ్ల మాట, ఇక్కడ ఎవరికీ తెలియదు అన్నాడు. ఆ మూడుచోట్లా కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో ‘ఏటి గట్టు’ అని రాసి, దిద్దుబాటు పక్కన నా పొడి సంతకం పెట్టాను.